అరవై రెండు వేల నాలుగు వందల పదకొండు

డ్రెస్డెన్ ఊరి చివర రేకుల షెడ్డులో
ఒక విమానం రోజుకి మూడు వందల సార్లు ఎగురుతుంది
ఉన్నచోటు వదలకుండా.

ఇంజన్లు లేవు దానికి, రంగు లేదు,
కిటికీ పక్క సీటు కోసం పేచీ పెట్టే పిల్లలు లేరు.
రెక్కల నిండా పట్టీలు, పట్టీలకి ఇనుప కడ్డీలు,
ఒక్కో జాకీ నుంచి రెండు కొమ్మలు, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై
ఎద్దుల మెడల మీద కాడి బరువును పంచినట్టు
లేని గాలి బరువును రెక్కంతా పంచుతాయి.

నాలుగు నిమిషాలకో ప్రయాణం.
నేల మీద కుదుపు. రెక్క పైకి వంగడం. పొట్ట నిండా గాలి.
ఎక్కడిదో అట్లాంటిక్ తుఫాను, రెండు దెబ్బలు.
ఉస్సురని గాలి వదిలేసి దిగడం.
మళ్లీ.

నా పని లెక్క రాయడం.
ఓట్మార్ కుబిట్స్ పని చూడటం.

మూడు వేల ప్రయాణాలకోసారి పంపులు ఆపుతారు.
ఆయన మోకాళ్లకి మెత్తలు కట్టుకుని
నోట్లో టార్చి, చేతిలో పళ్ల డాక్టరు అద్దం,
రెక్క కడుపులోకి పాకుతాడు.
నేను చేరిన వారంలో నన్నూ పాకించాడు.
ఒక రివెట్ పక్కన, వేలెడు పొడుగున, రంపపు గాటు!
ఎవరు చేశారీ పాపం, అన్నాను.
మేమే, అన్నాడు. బుధవారం పొద్దున. మంచి రంపంతో.

పగుళ్లే రాని లోహం కావాలని
ఒకప్పటివాళ్లు ఆశపడ్డారట.
మాకంత ఆశ లేదు.
వస్తుంది.
వచ్చాక ఎంత మెల్లగా నడుస్తుంది,
దారిలో ఎవరి కంట పడుతుంది,
అది తెంపిన పోగు బరువును పక్క పోగు మోస్తుందా,
ఎన్నాళ్లు?
ఆపద చెప్పి రాదంటారు.
దానిచేత చెప్పించడానికే మాకు జీతం.

ఎల్బే మీదుగా అప్పుడప్పుడూ దీని చెల్లెళ్లు పోతుంటాయి
మెరుస్తూ, మనుషుల్ని మోస్తూ.
వాటిలో ఏదీ దీనికన్నా పెద్దది కాకూడదు, అదీ షరతు.
ముసలితనం ముందు దీనికే రావాలి.
కుబిట్స్ మాత్రం విమానం ఎక్కలేదు, ఇప్పటికీ.
భయమా అంటే నవ్వాడు:
ప్రతి ప్రయాణంలోనూ ఉన్నాను కదా, ఇంకా టిక్కెట్టు దేనికి?

ఫిబ్రవరిలో ఒక రాత్రి, రెండున్నరకి,
తాగుతున్న కాఫీ అలాగే పెట్టి ఎర్ర మీట నొక్కేశాడు.
టిక్ మంది, అన్నాడు.
తెర మీద గీతలన్నీ బుద్ధిగానే ఉన్నాయి.
నిద్రలోంచి లేచి వచ్చిన ఫ్రౌకె మేడమ్, కోటు కింద పైజామాతో,
ఆగిన ప్రతి గంటా ఎంత ఖరీదో చెప్పింది.
ఆయన వినలేదు. అప్పటికే లోపల ఉన్నాడు.
తెల్లారేదాకా వెతికాడు.
కొలిచే యంత్రం ఏమీ లేదంది. అద్దం లేదంది. వేలు లేదంది.

బయటికొచ్చి నా పుస్తకంలో తానే రాశాడు:
విన్నాను. కనబడలేదు.
పంపులు మళ్లీ మొదలయ్యాయి.

రెండు రోజుల తర్వాత, అరవై మూడు వేల దగ్గర,
ఆనవాయితీ ప్రకారం ఆపినప్పుడు
తలుపు మూల, ఎనిమిదో చట్రం మీద
మూడు మిల్లీమీటర్ల వెంట్రుక.
ఆయన వెతికిన చోటికి జానెడు దూరం.

అందరూ భుజం తట్టారు. ఫ్రౌకె మేడమ్ కేకు తెచ్చింది.
ఆయన మురవలేదు.
జానెడు, జానెడు, అని
తన అరచెయ్యి చాపి దానికేసే చూసుకుంటూ కూచున్నాడు.

తర్వాత ఆకుపచ్చ కలంతో పగులు చుట్టూ సున్నా చుట్టి
పక్కన అంకె వేశాడు: 62,411.
చూసిన రోజే రాయాలి, రూలు అది, అన్నాను.
నువ్వు చూసిన రోజు రాసుకో, అన్నాడు,
నేను పుట్టిన రోజు రాస్తాను.

నా పుస్తకంలో అరవై మూడు వేలే ఉంది.
లోహం మీద మాత్రం ఆయన రాత, కొంచెం ఎడమకి వంగి.
ఎవరూ చెరపలేదు.